రంగు అద్దితే పాత టీవీ బాగుపడుతుందా?

1952లో అమెరికా టీవీలో మొదలైన సూపర్‌మ్యాన్ సీరియల్‌లో నటుడు జార్జ్ రీవ్స్ ఒంటి మీది దుస్తులు ఏ రంగువని అడిగితే నీలం, ఎరుపు అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ జవాబు తప్పు. తొలి రెండు సీజన్లను నలుపు తెలుపు ఫిల్ము మీద తీశారు. నీలం, ఎరుపు రెండూ ఆ ఫిల్ము మీద ఇంచుమించు ఒకే ముదురు ఛాయగా కలిసిపోతాయి. అందుకని వేషంలోని భాగాలు దేనికది విడిగా కనిపించేలా గోధుమ, బూడిద, తెలుపు రంగుల బట్టతో కుట్టించారు. మూడో సీజన్ నుంచి రంగు ఫిల్ము వాడడం మొదలయ్యాకే అందరికీ తెలిసిన నీలం, ఎరుపు దుస్తులు వచ్చాయి.

ఇప్పుడు ఆ తొలి ఎపిసోడ్లకు ఎవరైనా రంగులద్దబోతే ఏ రంగు వేయాలి? సెట్లో నిజంగా ఉన్న గోధుమ రంగు వేస్తే ప్రేక్షకుడు నవ్విపోతాడు. నీలం, ఎరుపు వేస్తే అతని ఊహకు న్యాయం జరుగుతుంది గానీ, కెమెరా ముందు ఎన్నడూ లేని రంగును తెచ్చిపెట్టినట్టు అవుతుంది. పాత కార్యక్రమాలకు రంగులద్దడం మీద నలభై ఏళ్లుగా సాగుతున్న తగవంతా ఈ ఒక్క వేషంలో ఇమిడి ఉంది. అసలు రంగులను తిరిగి తెచ్చామనే ప్రకటన ఎక్కడ కనబడినా నాకు అనుమానం కలిగేది ఇందుకే. తిరిగి తేవాలంటే పోగొట్టుకున్నది ఒకటి ఉండాలి కదా.

బూడిద ఛాయ వెనక ఏముంది

రంగుల టీవీ పద్ధతిలో ఒక పాత లెక్క ఉంది. తెర మీది ఒక చుక్క ఎంత వెలుగుగా కనిపించాలో తేల్చడానికి అందులోని ఎరుపు నుంచి 30 శాతం, ఆకుపచ్చ నుంచి 59 శాతం, నీలం నుంచి 11 శాతం తీసుకుని కలుపుతారు. మన కన్ను ఆకుపచ్చకు బాగా, నీలానికి తక్కువగా స్పందిస్తుంది కనుక వాటాలు అలా పడ్డాయి. ఈ లెక్కన నిండు ఎరుపు 30 వంతుల వెలుగునిస్తే, సగం బలమున్న ఆకుపచ్చ 29.5 వంతులు ఇస్తుంది. నలుపు తెలుపు తెర మీద ఆ రెండింటినీ విడదీయడం ఎవరి తరమూ కాదు. మిరపపండు ఎరుపు చీర, ముదురాకుపచ్చ చీర పక్కపక్కన నిలబడితే రెండూ ఒకే చీర. అటు నుంచి ఇటు వచ్చే దారి సులువే, ఇటు నుంచి అటు వెళ్లే దారి లేదు. మొత్తం 30 అని మాత్రమే చెప్పి, కూడిన మూడు అంకెలూ ఏవో చెప్పమంటే గణిత పండితుడైనా చేతులెత్తేస్తాడు.

ఫిల్ము విషయానికి వస్తే చిక్కు ఇంకొంచెం ఎక్కువ. అన్ని ఫిల్ములూ రంగులను ఒకేలా చూడవు. తొలినాళ్ల ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు, పెదవులు నల్లగా పడతాయి. తర్వాత వచ్చిన పాన్‌క్రొమాటిక్ ఫిల్ము ఆ లోపాన్ని సరిచేసింది. కెమెరామన్ లెన్సు ముందు ఫిల్టరు పెట్టి ఆకాశాన్ని నల్లబరచవచ్చు, మొహాన్ని తెల్లబరచవచ్చు. కాబట్టి చేతిలో ఉన్న ఛాయ నుంచి అసలు రంగును పట్టుకోవాలంటే ఏ ఫిల్ము, ఏ ఫిల్టరు, ఏ దీపాలు అన్నది కూడా తెలిసి ఉండాలి. అన్నీ తెలిసినా మిగిలేది ఊహే. కాకపోతే చదువుకున్న ఊహ.

అలాంటప్పుడు రంగులద్దిన బొమ్మ నమ్మదగినట్టు ఎలా కనిపిస్తుంది? మన కన్ను వెలుగునీడల్లోని సన్నని వివరాలను చురుగ్గా పట్టుకుంటుంది, రంగులోని వివరాల దగ్గర బద్ధకిస్తుంది. 1953 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఆమోదించిన రంగుల టీవీ పద్ధతి ఈ బద్ధకం మీదే నిలబడింది. వెలుగు సంకేతాన్ని పూర్తి వివరంతో పంపి, రంగు సంకేతాన్ని అందులో మూడో వంతు కన్నా తక్కువ వెడల్పులో ఇరికించారు. పాత నలుపు తెలుపు సెట్లు ఆ వెలుగు సంకేతాన్ని మాత్రం తీసుకుని ఎప్పటిలాగే పనిచేశాయి. రంగులద్దేవాళ్లు చేసేది కూడా ఇదే: వెలుగు పొరను చాలావరకు అలాగే ఉంచి, దాని మీద పలుచని రంగు పొరను పరుస్తారు. నటుడి కనురెప్ప, గోడ మీది గీత, బట్ట నేత అన్నీ పాత ఫిల్ము నుంచే వస్తాయి. కొత్తగా చేరేది ఆ పలుచని పొర ఒక్కటే.

ఆ పొరను పరచడం చిన్న పనేమీ కాదు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 26 నిమిషాల ఎపిసోడ్‌లో 37 వేలకు పైగా ఫ్రేములుంటాయి. ఒక్కో షాట్‌లో ముఖ్యమైన ఫ్రేమును ఎంచుకుని మొహం, జుట్టు, చొక్కా, బల్ల, కిటికీ దేనికది హద్దు గీసి రంగు వేస్తారు. తర్వాతి ఫ్రేముల్లో ఆ హద్దులు కదిలే కొద్దీ కంప్యూటర్ వెంట నడుస్తుంది. చెయ్యి మొహానికి అడ్డం వచ్చినప్పుడు, పొగ లేచినప్పుడు, జుట్టు గాలికి ఎగిరినప్పుడు కంప్యూటర్ తడబడుతుంది, మనిషి సరిచేస్తాడు. 1980లలో తయారైన వాటిలో మనుషులందరి చర్మం ఒకే గులాబీ రంగులో ఉండడానికీ, నడిచే మనిషి వెనక రంగు కొంచెం ఆలస్యంగా వస్తున్నట్టు కనిపించడానికీ కారణం ఆనాటి యంత్రాల పరిమితి. ఇప్పటి పని వాటితో పోల్చదగింది కాదు. నలభై ఏళ్ల నాటి తిట్లను ఈనాటి పనికి అంటగట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

లూసీ ఎర్ర జుట్టు

ఈ చర్చకు అన్నిటికన్నా బాగా అక్కరకొచ్చేది 'ఐ లవ్ లూసీ'. 1951 అక్టోబరు 15న అమెరికా టీవీ నెట్‌వర్కు సీబీఎస్‌లో మొదలై 1957 మే వరకు నడిచిన ఈ కామెడీలో 180 ఎపిసోడ్లున్నాయి. అప్పట్లో చాలా కార్యక్రమాలు న్యూయార్క్ నుంచి ప్రత్యక్ష ప్రసారమయ్యేవి. దూరప్రాంతాల స్టేషన్ల కోసం టీవీ తెరను మళ్లీ ఫిల్ము కెమెరాతో తీసి, ఆ మసక ప్రతిని పంపేవారు. లూసీగా నటించిన లూసిల్ బాల్, ఆమె భర్త డెసీ ఆర్నాజ్ హాలీవుడ్ వదలడానికి ఇష్టపడలేదు. దానికి బదులు ప్రేక్షకులను ఎదురుగా కూర్చోబెట్టి, మూడు 35 ఎంఎం కెమెరాలతో ఒకేసారి సినిమా ఫిల్ము మీద తీస్తామన్నారు. పెరిగిన ఖర్చుకు బదులు తమ పారితోషికం తగ్గించుకుని, ఫిల్ముల మీద హక్కు తమ దగ్గర ఉంచుకున్నారు. ఆ నెగెటివ్‌లు ఉండబట్టే డెబ్భై ఏళ్ల తర్వాత మనం రంగుల గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

కెమెరా బాధ్యత తీసుకున్నది కార్ల్ ఫ్రాయిండ్. జర్మనీ మూగచిత్రాల కాలం నుంచి వెలుగునీడలతో ఆడుకున్న మనిషి, 1937 నాటి సినిమాకు ఆస్కార్ అందుకున్నాడు. మూడు కెమెరాలు మూడు కోణాల నుంచి ఒకేసారి తీస్తుంటే ఒక్కో షాట్‌కు దీపాలు మార్చడం కుదరదు. అందుకని పైనుంచి అంతటా సమంగా పరుచుకునే వెలుగును ఏర్పాటు చేశాడు. సెట్ గోడలకూ సామానుకూ బూడిద ఛాయల్లోనే రంగులు వేయించాడు, ఫిల్ము మీద ఏది ఎంత ముదురుగా పడుతుందో ముందే చేతిలో ఉండాలని. అంటే లూసీ ఇల్లు చాలావరకు నిజంగానే నలుపు తెలుపు ఇల్లు. దానికి ఇప్పుడు లేత ఆకుపచ్చ గోడలు వేస్తే అది ఏ ఇంటి రంగు?

నిజం చెప్పాలంటే ఆ సమంగా పరచిన వెలుగే రంగులద్దడానికి అనువైనది. పూర్తి నలుపుకూ పూర్తి తెలుపుకూ రంగు అంటదు. మధ్య ఛాయల్లోనే రంగుకు చోటు ఉంటుంది. లూసీ ఇంట్లో లోతైన నీడలు దాదాపు లేవు. పైగా లూసీ జుట్టు సంగతి ఒకటుంది. 1940ల మొదట్లో ఎంజీఎం స్టూడియోలో రంగుల చిత్రాల కోసం ఎర్రగా మార్చిన ఆ జుట్టు పత్రికల ముఖచిత్రాల ద్వారా దేశమంతటికీ తెలుసు. సీరియల్‌లోనే ఆమె గోరింటాకు రంగు మీద జోకులున్నాయి. నలుపు తెలుపు తెర ముందు కూర్చున్నవాళ్లు ఆ ఎరుపును తామే ఊహించుకుని నవ్వేవాళ్లు. ఆ ముఖచిత్రాలేవీ చూసి ఎరగని నేటి కుర్రవాడికి రంగు ప్రతిలో ఆ జోకు అందుతుందంటే, అక్కడ రంగు ఒక పని చేసిందని ఒప్పుకోవలసిందే.

మిగతా హాస్యం సంగతి? 1956 ఏప్రిల్‌లో ప్రసారమైన ఎపిసోడ్‌లో లూసీ ఇటలీలో ద్రాక్ష తొట్టిలో దిగి పండ్లు తొక్కుతుంది, అక్కడ పండ్లు తొక్కే ఆవిడతో కొట్లాటకు దిగుతుంది. ఆ నవ్వంతా ఆమె మోకాళ్లలో, కళ్లలో, కాలు జారే క్షణంలో ఉంది. ద్రాక్ష ఊదాగా కనబడినంత మాత్రాన కాలు ఇంకా బాగా జారదు. ఊదా రసం మొహానికి పులుముకున్నప్పుడు కంటికి కొంచెం విందు, అంతే. సీబీఎస్ ఈ ఎపిసోడ్‌కూ 1956 నాటి క్రిస్మస్ ఎపిసోడ్‌కూ రంగులద్ది 2013 డిసెంబరులో ప్రసారం చేస్తే సుమారు 87 లక్షల మంది చూశారు. 1953 జనవరిలో లూసీ ప్రసవం ఎపిసోడ్‌ను చూసిన సుమారు 4.4 కోట్ల మందితో పోలిస్తే అది చిన్న అంకే అనిపించవచ్చు. కానీ దాదాపు అరవై ఏళ్ల పాత కార్యక్రమాన్ని శుక్రవారం రాత్రి ప్రధాన సమయంలో వేసి అంతమందిని కూర్చోబెట్టడం మామూలు విషయం కాదు. నలుపు తెలుపుగానే వేసి ఉంటే సీబీఎస్ ఆ సమయం ఇచ్చేదే కాదు.

మెచ్చుకోలు ఎవరికి చెందాలి

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. రంగులద్దే ముందు ఫిల్మును శుభ్రం చేస్తారు. అసలు నెగెటివ్‌ను గానీ, దానికి దగ్గరి ప్రింటును గానీ తీసి, కొత్తగా స్కాన్ చేసి, గీతలూ దుమ్మూ తొలగించి, ఫ్రేము ఊగకుండా నిలబెట్టి, శబ్దాన్ని సరిచేస్తారు. ఆ తర్వాతే రంగు. ప్రేక్షకుడి జ్ఞాపకంలో ఉన్నదేమో దశాబ్దాల పాటు స్థానిక స్టేషన్లు తిప్పి తిప్పి అరగదీసిన 16 ఎంఎం ప్రింటు: మసక, గీతలు, మధ్యలో ప్రకటనల కోసం కత్తిరింపులు. ఆ జ్ఞాపకం పక్కన కొత్త రంగు ప్రతిని పెట్టి చూసి, ఎంత బాగుపడిందో అంటారు. నిజంగా బాగుపడింది. కానీ ఆ బాగులో పెద్ద వాటా స్కానర్‌ది, దుమ్ము దులిపినవాడిది. పేరు మాత్రం రంగుకు పోతోంది. కొత్తగా స్కాన్ చేసిన నలుపు తెలుపు ప్రతిని పక్కన పెట్టి పోల్చినవాళ్లకు రంగు చేసిన మేలు చాలా చిన్నదిగా కనిపిస్తుంది, కొన్నిచోట్ల కీడుగా కూడా.

మరి శుభ్రం చేసి ఊరుకోకుండా రంగు దాకా ఎందుకు వెళ్తారు? ఎందుకంటే శుభ్రతకు ఎవరూ డబ్బివ్వరు. ఈ వ్యాపారం పుట్టుక చూస్తే సంగతి తేటతెల్లమవుతుంది. కెనడాకు చెందిన విల్సన్ మార్కిల్ 1970లో చంద్రయాత్ర దృశ్యాలకు రంగులద్దే పనితో మొదలుపెట్టి, 1980లలో హాలీవుడ్ సినిమాల దాకా వచ్చాడు. 1986లో టెడ్ టర్నర్ ఎంజీఎం పాత చిత్రాల భాండాగారాన్ని కొని, తన ఛానెళ్ల కోసం వాటికి వరసగా రంగులు వేయించాడు. 1987లో అమెరికా కాపీరైట్ కార్యాలయం, మనుషులు రంగులను ఎంచి అద్దిన ప్రతికి కొత్తగా కాపీరైట్ నమోదు ఇవ్వవచ్చని తేల్చింది. గడువు తీరి ఎవరైనా వేసుకోదగిన పాత బొమ్మకు రంగు పూస్తే, ఆ రంగు ప్రతి మళ్లీ సొంత ఆస్తి అయిపోతుంది. కళ గురించిన వాదనల సందడిలో ఈ చిన్న నిర్ణయం మరుగున పడిపోయింది గానీ, అసలు ఇంధనం అక్కడే ఉంది.

అప్పటి గొడవంతా సినిమాల మీద జరిగింది. 1987 మేలో వుడీ ఆలెన్ తదితర దర్శకులు, నటులు అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు నిలబడి దీన్ని ఆపమని కోరారు. 1988లో వచ్చిన చట్టం ఏటా 25 చిత్రాలను జాతీయ సంపదగా ఎంపిక చేసి, వాటికి రంగులద్దితే ఆ సంగతి తెర మీద రాయాలంది. ఫ్రాన్స్ ఇంకా ముందుకు పోయింది. జాన్ హ్యూస్టన్ తీసిన ఒక నలుపు తెలుపు చిత్రం రంగు ప్రతిని ఫ్రెంచి ఛానెల్ ప్రసారం చేయబోతే ఆయన వారసులు కోర్టుకెక్కారు. 1991 మేలో అక్కడి అత్యున్నత న్యాయస్థానం దర్శకుడి నైతిక హక్కే పైచేయి అని చెప్పింది, సినిమా అమెరికాదైనా సరే. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కర్తకు అలాంటి హక్కునే ఇస్తుంది. కానీ సినిమాకు కర్త ఎవరంటే నిర్మాత అని అదే చట్టం చెబుతుంది. దర్శకుడు, ఛాయాగ్రాహకుడు ఆ గుమ్మం బయటే నిలబడాలి.

టీవీ కార్యక్రమాల కోసం ఎవరూ సెనేట్ దాకా వెళ్లలేదు. కామెడీ సీరియల్‌ను కళాఖండంగా ఎవరూ లెక్కపెట్టకపోవడం ఒక కారణం. ఆ కార్యక్రమాల్లో కొన్ని సగంలో రంగుల్లోకి మారినవే కావడం ఇంకో కారణం. 1966 శరదృతువు నాటికి అమెరికాలోని మూడు నెట్‌వర్కుల ప్రధాన సమయం మొత్తం రంగుల్లోకి వచ్చేసింది. ఆ మలుపులో చిక్కుకున్న సీరియల్ 'బివిచ్‌డ్' తొలి రెండు సీజన్లు నలుపు తెలుపు, ఆ తర్వాతవి రంగులు. సీసాలో ఉండే మాయల జీనీ కథ 'ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ'కి తొలి సీజన్ ఒక్కటే నలుపు తెలుపు. పునఃప్రసారాల్లో స్టేషన్లు ఆ నలుపు తెలుపు సీజన్లను పక్కన పెట్టేశాయి. సోనీ వాటికి రంగులద్దించి, 2005 నుంచి నలుపు తెలుపు డీవీడీలనూ రంగు డీవీడీలనూ వేర్వేరుగా అమ్మింది. ఇలాంటి చోట నాకు పెద్దగా అభ్యంతరం లేదు. జీనీ గులాబీ రంగు దుస్తులు, ఆమె సీసా లోపలి గది, ఇంటి గోడలు తర్వాతి సీజన్లలో కళ్లెదుట ఉన్నాయి. ఊహకు పనిలేదు, పోల్చి వేస్తే చాలు. పైగా జీనీని మొదట నలుపు తెలుపులో తీయడానికి కారణం కళ కాదు, మాయలూ మంత్రాలూ రంగులో తీయడానికి అయ్యే ఖర్చు.

రంగు రాగానే కార్యక్రమం దానంతటదే బాగుపడదనడానికి 'ఆండీ గ్రిఫిత్ షో' ఉంది. తొలి అయిదు సీజన్లు నలుపు తెలుపు, చివరి మూడూ మొదటి నుంచీ రంగుల్లో తీసినవే, ఎవరూ అద్దినవి కావు. అభిమానులు ఎక్కువగా ప్రేమించేది నలుపు తెలుపు కాలాన్నే. సరిగ్గా ఆ మలుపులోనే బార్నీ పాత్రధారి డాన్ నాట్స్ వెళ్లిపోయాడు. పాపం రంగుకు ఆ నింద కూడా చుట్టుకుంది.

చీకటి కూడా ఒక పాత్ర అయినప్పుడు

ఇదే అనుమతిని 'ట్వైలైట్ జోన్'కు నేను ఇవ్వను. 1959 నుంచి 1964 వరకు నడిచిన వింత కథల ఈ 156 ఎపిసోడ్ల వరసకు ప్రధాన ఛాయాగ్రాహకుడు జార్జ్ క్లెమెన్స్. 1960 నాటి ఒక ఎపిసోడ్‌లో ఆసుపత్రి సిబ్బంది మొహాలను చివరి వరకు నీడల్లోనే ఉంచి, రోగి మొహం మీది కట్లు విప్పాకే చూపిస్తాడు. కథ మొత్తం ఆ దాచడం మీదే ఆధారపడింది. అక్కడ నలుపు అంటే వెలుగు లేకపోవడం కాదు, చెప్పకుండా ఆపిన మాట. రంగు కోసం ఆ నీడలను ఏ కొంచెం తేల్చినా, గోడకు ఆసుపత్రి ఆకుపచ్చ పూసినా, అది మామూలు ఆసుపత్రి అయిపోతుంది. అదే సీరియల్ రెండో సీజన్‌లో ఖర్చు తగ్గించడానికి ఆరు ఎపిసోడ్లను వీడియోటేపు మీద తీశారు. అవీ నలుపు తెలుపే, కానీ చూడగానే పేలవంగా, చప్పగా ఉంటాయి. నలుపు తెలుపు కావడమే గొప్పతనం కాదని చెప్పడానికి ఆ ఆరూ చాలు. తీసినవాడు ఆ నలుపుతో ఏం చేశాడన్నదే చూడాలి.

ఆ రోజుల్లో రంగుల పక్షం వాళ్లు ఒక చురుకైన వాదన తెచ్చారు: నచ్చకపోతే టీవీలో రంగు మీట తగ్గించుకోండి, మీ నలుపు తెలుపు మీకు వచ్చేస్తుంది. వినడానికి తిరుగులేనిదిగా ఉంటుంది. రంగుకు చోటు కోసం నల్లని భాగాలను కొంత తేల్చి, తెల్లని భాగాలను కొంత తగ్గించిన ప్రతిలో మీట తగ్గిస్తే వచ్చేది పాత బొమ్మ కాదు. ఫ్రాయిండ్‌దో క్లెమెన్స్‌దో కాని మూడో నలుపు తెలుపు అది.

నిజంగానే పోయిన రంగు

బ్రిటన్‌లో సమస్య తలకిందులు. బీబీసీ 1970లలో టేపులు ఖరీదని, చోటు లేదని పాత కార్యక్రమాలను చెరిపేసి వాటి మీద కొత్తవి రికార్డు చేసింది. రంగుల్లో తీసిన కొన్నింటికి విదేశాలకు అమ్మడం కోసం చేసిన 16 ఎంఎం నలుపు తెలుపు ఫిల్ము ప్రతులు మాత్రం మిగిలాయి. ఆ ప్రతులను తీసేటప్పుడు తెర మీది రంగు సంకేతాన్ని వడకట్టడం చాలాచోట్ల మరిచిపోయారు. దానితో ఆ సంకేతం సన్నని చుక్కల గందరగోళంగా ఫిల్ము మీద అచ్చుపడింది. దశాబ్దాల పాటు అందరూ దాన్ని మరకలాగే చూశారు. బీబీసీలో పనిచేసిన జేమ్స్ ఇన్సెల్ ఆ చుక్కల్లో అసలు రంగు దాగి ఉందని పట్టుబట్టాడు. రిచర్డ్ రస్సెల్ దాన్ని విప్పే సాఫ్ట్‌వేర్ రాశాడు. 1969 నాటి 'డాడ్స్ ఆర్మీ' ఎపిసోడ్ ఒకటి 2008 డిసెంబరులో ఆ పద్ధతిలో రంగులతో తిరిగి ప్రసారమైంది. సైన్స్ కల్పన సీరియల్ 'డాక్టర్ హూ'లో 1971 నాటి ఒక కథకు అయిదు ఎపిసోడ్లు ఇలా దక్కాయి. మొదటి ఎపిసోడ్ ఫిల్ములో ఆ చుక్కలు లేకపోవడంతో దానికి మాత్రం చేత్తో రంగులద్దాల్సి వచ్చింది. ఆరు ఎపిసోడ్లు వరసగా చూసేవారికి తేడా తెలియదు. కానీ అయిదింటిలో ఉన్నది సాక్ష్యం, ఒకదానిలో ఉన్నది అంచనా. దీన్ని మెరుగుపరచడం అనడానికి నాకేమీ సంకోచం లేదు, ఎందుకంటే ఇక్కడ తిరిగి తేవడానికి నిజంగా ఒకటుంది.

అదే 'డాక్టర్ హూ' 2023 నవంబరులో వేరే దారి పట్టింది. 1963-64లో నలుపు తెలుపుగానే పుట్టిన, డాలెక్‌లనే శత్రుజాతి కథకు రంగులద్ది, ఏడు ఎపిసోడ్లను 75 నిమిషాలకు కుదించి, కొత్త సంగీతం చేర్చి ప్రసారం చేశారు. ఏడు ఎపిసోడ్లూ కలిపితే మూడు గంటలకు దగ్గర. అంటే రంగు వచ్చి కథలో సగానికి పైగా పోయింది. దాన్ని తప్పని కొట్టిపారేయను, పాతది పాతదిగా అందుబాటులోనే ఉంది. కానీ దాన్ని రంగుల ప్రతి అని పిలవడం కన్నా కొత్త కూర్పు అనడం సబబు.

కత్తిరింపు అనగానే తెలుగువారికి 2010 జనవరిలో థియేటర్లకు వచ్చిన రంగుల 'మాయాబజార్' గుర్తుకు రాక మానదు. 1957 నాటి ఆ చిత్రానికి హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్దించింది. నిడివి తగ్గింది, శబ్దం మారింది, కొత్త తరం టికెట్ కొని చూసింది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ సృష్టించిన ఆ వెన్నెల మాత్రం నాకు నలుపు తెలుపులోనే వెన్నెల. రంగులోకి రాగానే వెన్నెలకు ఏదో ఒక నీలాన్ని ఎంచక తప్పదు, ఎంచగానే అది ఎవరో వేసిన నీలం అవుతుంది. 'మొఘల్ ఎ ఆజమ్' కథ వేరు. కొన్ని రీళ్లు రంగుల్లో తీసిన దర్శకుడు కె. ఆసిఫ్ మిగతాదీ అలాగే తీయాలనుకుని తీయలేకపోయాడు. 2004లో రంగు ప్రతి తెచ్చినవాళ్లకు ఆ కోరిక ఒక అండగా నిలిచింది.

మన టీవీ విషయంలో చరిత్ర మరో రకంగా నడిచింది. ఢిల్లీలో 1959 సెప్టెంబరులో మొదలైన ప్రసారాలకు 1982లో గానీ రంగు రాలేదు. వచ్చాక కూడా మన ఇళ్లలో పెట్టెలు చాలాకాలం నలుపు తెలుపువే. 1987లో మొదలైన 'రామాయణ్' రంగుల్లోనే తీశారు, వీధి వీధంతా గుమిగూడి చూసిన ఇళ్లలో చాలాచోట్ల రాముడు బూడిద రంగులోనే కనిపించాడు. తెర ముందు నీలిరంగు ప్లాస్టిక్ పలకో, మూడు రంగుల పట్టీల పలకో బిగించుకుని, ఆకాశానికి నీలం వచ్చిందని సంతోషించిన కాలం అది. రంగు మీద మనిషికున్న ఆశ ఎంత పాతదో ఆ పలకలే చెబుతాయి. దాన్ని వెక్కిరించడానికి నాకు మనసొప్పదు.

ఇప్పుడు అదే ఆశను కృత్రిమ మేధ చవగ్గా తీరుస్తోంది. లక్షల రంగు ఫొటోలు చూసి నేర్చుకున్న ప్రోగ్రాములు గడ్డికి ఆకుపచ్చ, ఆకాశానికి నీలం, చర్మానికి చర్మం రంగు ఇట్టే వేస్తాయి. ఏ రంగైనా కాగలిగిన వస్తువు దగ్గర మాత్రం వాటి బండారం బయటపడుతుంది. ఒక పట్టుచీర ఎరుపు కావచ్చు, పచ్చ కావచ్చు, ఊదా కావచ్చు. అన్ని అవకాశాలకూ సగటు తీస్తే వచ్చేది మట్టి రంగు. పాత తెలుగు పాటల రంగు ప్రతులు ఇంటర్నెట్‌లో చూసినప్పుడు నాయికలందరూ ఒకే నేతగాడి దగ్గర వెలిసిపోయిన చీరలు కొన్నట్టు కనిపించడం అందుకే. తల తిప్పితే చీర రంగు మారడం, చెయ్యి కదిలితే వేళ్లు బూడిదగా మిగలడం వేరే సంగతి. ఫొటోలు వెతికి, మిగిలిన దుస్తులు చూసి, ఆనాడు సెట్లో ఉన్నవారిని అడిగి రంగు ఎంచుకునే మనిషికీ, సగటు తీసే యంత్రానికీ ఫలితంలో తేడా స్పష్టంగా కనబడుతుంది. సీబీఎస్ 2016లో 'డిక్ వాన్ డైక్ షో' ఎపిసోడ్లు రెండింటికి రంగులద్దినప్పుడు దాని సృష్టికర్త కార్ల్ రైనర్ ఇంకా ఉన్నారు, ఆ పనికి అండగా నిలిచారు. అలాంటి సాక్షులు ఏటేటా తగ్గిపోతున్నారు.

తేల్చుకోవాలనుకునేవారికి ఒక పని చెబుతాను. లూసీ ద్రాక్ష తొట్టి ఎపిసోడ్ నలుపు తెలుపులో శుభ్రంగా స్కాన్ చేసిన డీవీడీ ఉంది, రంగు ప్రతి కూడా విడిగా ఉంది. ముందు నలుపు తెలుపుది చూడండి, ఓ వారం ఆగి రంగుది చూడండి. రెండోసారి ఎక్కడెక్కడ కొత్తగా నవ్వారో గుర్తుపెట్టుకోండి. ఆ నవ్వుల వరకే రంగు సంపాదించుకున్నది. నాకు దక్కినవి జుట్టు మీది జోకులు, మొహానికి పులుముకున్న ఊదా రసం. తర్వాత అదే పని 'ట్వైలైట్ జోన్' ఆసుపత్రి ఎపిసోడ్‌తో చేయాలనిపిస్తే, ఫోనులో ఏదో ఒక యాప్‌తో మీరే రంగులద్ది చూసుకోవచ్చు. అయిదు నిమిషాలకు మించి చూడగలిగితే నాకు ఆశ్చర్యమే.